ఎత్తిరాతల కాలంలో గ్రేస్ హాపర్

ల్యాబ్‌లో టెర్మినల్ తెరిచి పిప్ ఇన్‌స్టాల్ అని ఒక్క లైను కొడితే చాలు, ఎవరో ఎప్పుడో రాసిన కోడు మన సిస్టంలోకి వచ్చేస్తుంది. ఈ సుఖం లేని రోజుల్లో పనిలోకి దిగిన మనిషి గ్రేస్ హాపర్.

ఆవిడ 1906లో న్యూయార్క్‌లో పుట్టారు. 1934లో యేల్ నుంచి గణితంలో డాక్టరేట్, వాసర్ కాలేజీలో పాఠాలు. యుద్ధం రోజుల్లో, 1943లో, నౌకాదళ రిజర్వులో చేరారు. బరువు చాలదన్నారు, మినహాయింపు తెచ్చుకున్నారు! మరుసటేడు హార్వర్డ్‌లో మార్క్ వన్ యంత్రం దగ్గర వేశారు.

అక్కడ సైన్ విలువ కట్టే కోడు కావాలంటే పక్కవాళ్ల నోటుపుస్తకంలోంచి చేత్తో ఎత్తిరాసుకోవడమే. తర్వాత యూనివాక్ తయారుచేసే కంపెనీకి వెళ్తే ఇంకో తలనొప్పి. ఎత్తిరాసిన ముక్క కొత్త ప్రోగ్రాంలో ఎక్కడ కూర్చుంటే అక్కడికి తగ్గట్టు అడ్రసులన్నీ కూడి మార్చుకోవాలి. ఎత్తిరాతలో తప్పులు, కూడికలో ఇంకా తప్పులు. (మన ల్యాబ్ రికార్డులు చూసినవాళ్లకి వేరే సాక్ష్యం అక్కర్లేదు.)

1952 నాటికి ఆవిడ ఆ ముక్కలన్నీ టేపు మీదికి చేర్చి, ఒక్కోదానికి ఒక పిలుపు నంబరు ఇచ్చారు. నంబర్లు వరసగా రాసిస్తే యంత్రమే వెతికి, తెచ్చి, అడ్రసులు సరిచేసి ప్రోగ్రాం కట్టేది. దాని పేరు ఏ-జీరో. యంత్రం లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రాం ఎలా రాస్తుందని చాలామంది నమ్మలేదు. ఆవిడ వదల్లేదు. తర్వాత చేసిన ఫ్లో-మాటిక్ నుంచే 1959లో మొదలైన కోబాల్ చాలా తీసుకుంది.

1986లో, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. అప్పటికి పైథాన్ బయటికొచ్చి ఇంకా ఏడాది కూడా నిండలేదు.