భారం రాముడిపై వేసిన నేలకొండపల్లి గోపన్న

ఖమ్మం జిల్లా నేలకొండపల్లి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తుకొచ్చేది భక్త రామదాసు. ఖమ్మం పట్టణానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరిలో 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్నగా జన్మించి, భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, ఆ గుడి కోసమే గోల్కొండ చెరసాలలో మగ్గిన ఆయన కథ తెలియని తెలుగువారు ఉండరంటే అతిశయోక్తి కాదు. గుడి కట్టించినప్పుడు అన్నీ తన చేతుల మీదుగానే జరిపించిన గోపన్న, చెరలో ఆ చేతులు కట్టుబడిన తర్వాత గానీ పూర్తిగా రామదాసు కాలేదు. ఆయన జీవితంలో ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇదే.

పాల్వంచకు తహసీల్దారు

గోపన్న తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కొలువులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని ప్రతీతి. వారి అండతోనే ఆయనకు పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం లభించిందంటారు. రైతుల నుంచి శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడం ఆయన బాధ్యత. భద్రాచలం ఆ పరగణాలోనిదే.

అప్పటికి భద్రగిరిపై గుడి లేదు. పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలు పుట్టలో వెలసిన రాముడి విగ్రహాలను కనుగొని, పైన పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టి కొలుస్తూ ఉండేదని స్థలపురాణం. ఎండకు ఎండి వానకు తడుస్తున్న స్వామిని చూసి గోపన్న మనసు ద్రవించింది. గుడి కట్టించాలని ఆ రోజే సంకల్పించుకున్నారు.

ముందుగా ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. జనం తమకు తోచింది ఇచ్చారు. అది చాలలేదు. పని మధ్యలో ఆపడం ఇష్టం లేక, వసూలైన శిస్తు సొమ్మును నవాబు అనుమతి లేకుండానే గుడికి మళ్లించారు. గర్భగుడి, మండపాలు, గోపురం లేచాయి. సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణస్వామికి ముత్యాల పతకం వంటి నగలు చేయించారు. ఖర్చు 6 లక్షల మొహరీలకు చేరిందని చెప్పుకుంటారు.

ఆ సొమ్ములో గోపన్న తన ఇంటికి ఒక్క కాసు తీసుకుపోలేదు. అయినా అది ఆయన సొంత సొమ్మూ కాదు. దేవుడి పనే కదా, తర్వాత ఎలాగో సర్దుకోవచ్చన్న ధీమాతో ఆయన పెట్టిన ఖర్చు ఖజానా లెక్కల్లో బాకీగా నిలిచిపోయింది.

గంజి గుంటలో బిడ్డ

తన చేతిలో లేనివి కొన్ని ఉంటాయని గోపన్నకు మొదట తెలిసివచ్చింది ఇంట్లోనే. ఒకసారి భక్తులకు అన్నసంతర్పణ జరుగుతుండగా ఆయన కొడుకు రఘురాముడు వార్చిన గంజి గుంటలో పడి ప్రాణం విడిచాడు. పరగణా మొత్తానికి అధికారి అయిన తండ్రి ఆ క్షణాన చేయగలిగింది ఏమీ లేకపోయింది. భార్య కమలమ్మతో కలిసి బిడ్డను స్వామి సన్నిధిలో ఉంచి ప్రార్థించగా బాలుడు కళ్లు తెరిచాడని భక్తుల విశ్వాసం.

పన్నెండేళ్ల చెర

శిస్తు రాకపోవడంతో గోల్కొండ నుంచి తాఖీదు వచ్చింది. సిపాయిలు గోపన్నను పట్టుకుపోయారు. సొమ్ము చెల్లించే వరకు ఖైదులో ఉంచాలని తానీషా ఆజ్ఞ ఇచ్చారు. మేనమామలు కొలువులో ఎంత పెద్ద పదవుల్లో ఉన్నా విడిపించలేకపోయారు. ఉద్యోగం పోయింది, పలుకుబడి పనికి రాలేదు. కొరడా దెబ్బలు తింటూ ఆ చీకటి గదిలో 12 ఏళ్లు గడిపారని చెబుతారు. గోల్కొండ కోటకు వెళ్లినవారు రామదాసు బందీఖానాను నేటికీ చూడవచ్చు. గోడపై ఉన్న దేవతామూర్తులు ఆయన చెక్కినవేనంటారు.

ఆ గదిలో ఆయనకు మిగిలింది పాట ఒక్కటే. రామదాసు కీర్తనలు వింటే, భగవంతుడిని నమ్ముకున్నవాడికి బాధ తెలియదనుకోవడం పొరపాటని అర్థమవుతుంది. ఆయన ఏడ్చారు, బతిమాలారు, అలిగారు. ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క చెప్పి రాముడినే నిలదీశారు. దెబ్బలకు తాళలేక నోరు జారానంటూ ఆ వెంటనే క్షమాపణ వేడుకున్నారు. రాముడు పలకకపోతే, తన తరఫున నాలుగు మాటలు చెప్పమని సీతమ్మకు మొర పెట్టుకున్నారు. ఎంత గొడవపడినా రాముడిని విడిచి మరొకరి గడప తొక్కాలన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు.

నిద్రలో తీరిన బాకీ

విడుదల జరిగిన తీరు గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా పడకగదికి వచ్చారు. తాము గోపన్న నౌకర్లమని, తమ పేర్లు రామోజీ, లక్ష్మోజీ అని చెప్పి, 6 లక్షల మొహరీలు లెక్కపెట్టి ఇచ్చి రశీదు అడిగి తీసుకున్నారు. ఆ రశీదును చెరసాలలో నిద్రపోతున్న రామదాసు తలకింద ఉంచి మాయమయ్యారు. తెల్లవారాక సంగతి తెలిసి తానీషా ఆయనను విడుదల చేసి మన్నించమని కోరారు. తాను అన్నేళ్లు వేడుకున్నా కనిపించని స్వామి నవాబుకు దర్శనమిచ్చినందుకు రామదాసు కన్నీరు పెట్టుకున్నారట. నవాబు సొమ్ము తిరిగి ఇవ్వబోగా గుర్తుగా రెండు నాణేలు మాత్రం ఉంచుకున్నారని, అవే రామ మాడలని భక్తులు చెబుతారు.

ఈ కథలో గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, రాముడు బాకీని రద్దు చేయించలేదు. ఖజానాకు రావలసిన ప్రతి నాణెం చెల్లించి, రశీదు కూడా పుచ్చుకున్నారు. దేవుడిని నమ్ముకున్నంత మాత్రాన ఇవ్వవలసినది ఎగవేయవచ్చని ఈ కథ ఎక్కడా చెప్పదు. రెండవది, ఆ బాకీ తీరిన వేళ రామదాసు నిద్రలో ఉన్నారు. మేలుకుని ఉండి తాను చేసిన ఏర్పాట్లన్నీ ఆయనను చెరకు చేర్చగా, తన ప్రమేయం ఏమాత్రం లేని సమయంలో విముక్తి లభించింది.

అధికారం నిలవలేదు

తరువాతి చరిత్ర చూస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. కొలువులో ఎదురులేని అక్కన్న, మాదన్నలు 1686లో గోల్కొండలోనే హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు సైన్యానికి కోట వశమైంది. రామదాసును ఖైదు చేయించిన తానీషా తానే ఖైదీ అయి, దౌలతాబాదు కోటలో బందీగా ఉంటూ 1699లో కన్నుమూశారు. సర్వం తమ చేతిలో ఉందనుకున్నవారి కథ అలా ముగిసింది. చేతిలో ఏమీ లేని ఖైదీ పాటలు మాత్రం మూడు వందల ఏళ్లు దాటినా భజన మందిరాల్లో వినిపిస్తూనే ఉన్నాయి.

తానీషా కాలంలో మొదలైందని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీ నేటికీ సాగుతున్నది. ఏటా శ్రీరామనవమి నాడు భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాలు అందుతున్నాయి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు, నేలకొండపల్లి ఖమ్మం జిల్లాకు చెందినా, రాముడినీ రామదాసునీ ఎవరూ విడదీయలేదు. పాలేరు ప్రాంతంలోని మెట్ట భూములకు నీరిచ్చేందుకు 2017లో ప్రారంభమైన ఎత్తిపోతల పథకానికి కూడా భక్త రామదాసు పేరే పెట్టారు.

భగవంతుడిపై భారం వేయడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. గోపన్న ఊరూరా తిరిగి చందాలు పోగుచేయకపోతే భద్రగిరిపై గుడి లేచేది కాదు. రైతు దుక్కి దున్ని విత్తనం వేయాలి. అక్కడితో అతని పని అయిపోతుంది. వాన కురిపించే పని కూడా తనదే అనుకుంటే రాత్రిళ్లు నిద్ర ఉండదు. తన పని ఎంతవరకో, స్వామి పని ఎక్కడి నుంచో తెలుసుకోవడానికి రామదాసుకు పన్నెండేళ్లు పట్టింది.