సూక్ష్మజీవుల్లో మిత్రుల్ని వెతికారు!

డాక్టరు యాంటీబయాటిక్ రాసినప్పుడు పక్కనే ప్రోబయాటిక్ గుళికలూ రాయడం చాలామంది చూసే ఉంటారు. ఒకటేమో బ్యాక్టీరియాను చంపేది, రెండోది బ్యాక్టీరియాను ఒంట్లోకి పంపేది! ఈ రెండో ఆలోచనకు మూలపురుషుడు ఇల్యా మెచ్నికాఫ్. సూక్ష్మజీవి అంటే రోగమే అని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో, వాటిలో మనకు పనికొచ్చేవీ ఉంటాయని గట్టిగా వాదించారాయన.

రెండు సంవత్సరాల్లోనే డిగ్రీ

ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ దగ్గర 1845లో పుట్టారు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యం. నాలుగేళ్ల డిగ్రీని రెండేళ్లలోనే ముగించేశారు. పాతికేళ్లకే ఒడెస్సాలో ప్రొఫెసర్. చదువులో అంత దూకుడు ఉన్నా, జీవితం మాత్రం గట్టి దెబ్బలే కొట్టింది. మొదటి భార్య లుద్మిలా క్షయతో 1873లో చనిపోయారు. తర్వాత రెండో భార్య ఓల్గాకు టైఫాయిడ్ వచ్చి ప్రాణం మీదికొచ్చింది. ఆ రెండు సందర్భాల్లోనూ మెచ్నికాఫ్ బతుకు మీద ఆశ వదులుకుని, చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డారు. ఓల్గా కోలుకున్నారు. ఆయనా మళ్లీ మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు.

ముల్లు చెప్పిన రహస్యం

విశ్వవిద్యాలయంలో రాజకీయాలు భరించలేక 1882లో ఉద్యోగం వదిలేసి ఇటలీలోని మెస్సినా చేరారు. ఓ రోజు ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కి వెళితే, ఆయన ఒక్కరే నక్షత్ర చేపల లార్వాలను చూస్తూ ఉండిపోయారు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి. లోపల కదిలే కణాలు కనిపిస్తాయి. ఒంట్లోకి చొరబడిన దాన్ని పట్టుకోవడమే ఈ కణాల పనా అని అనుమానమొచ్చింది. లార్వాలోకి చిన్న ముల్లు గుచ్చి పెట్టారు. తెల్లారేసరికి కణాలన్నీ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి! శత్రువును మింగేసే భక్షక కణాలను అలా గుర్తించారు. చాలామంది నిపుణులు ఒప్పుకోలేదు. పాతికేళ్లకు పైగా వాదించాల్సి వచ్చింది. చివరికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు.

కలరా నుంచి పెరుగు దాకా

1888 నుంచి ఆయన మకాం పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. కలరా క్రిమి ఒంట్లోకి వెళ్లినా కొందరికి జబ్బు ఎందుకు రాదన్నది ఆయన్ని వేధించిన ప్రశ్న. 1892లో తానే ఆ క్రిములను మింగారు, ఏమీ కాలేదు. అదే పని చేసిన మరో వలంటీరు మాత్రం చావు తప్పించుకున్నాడు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఇలాంటి ప్రయోగాన్ని ఒప్పుకోదు. ప్రయోగశాలలో కలిపి పెంచి చూస్తే కొన్ని సూక్ష్మజీవులు కలరా క్రిమికి సాయపడ్డాయి, ఇంకొన్ని అడ్డుపడ్డాయి. అంటే పేగుల్లో ఎవరున్నారన్నది ముఖ్యమన్నమాట!

అక్కడి నుంచి ముసలితనం మీదికి దృష్టి మళ్లింది. పెద్దపేగులో కుళ్లబెట్టే బ్యాక్టీరియా విషాలు తయారుచేస్తుందని, లాక్టిక్ ఆమ్లం దాన్ని అణచగలదని ఆయన అంచనా. పులిసిన పాలు తాగే బల్గేరియా పల్లెజనం ఎక్కువకాలం బతుకుతారన్న మాట ఆయన్ని ఆకర్షించింది. 1905లో జెనీవాలో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా కుర్రాడు తమ దేశపు పెరుగులోని కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాను గుర్తించాడు. మెచ్నికాఫ్ రోజూ పులిసిన పాలు తాగారు, 1907లో దీర్ఘాయువుపై పుస్తకం రాశారు. ఒకప్పుడు బతుకే వద్దనుకున్న మనిషి, ఎక్కువకాలం ఆనందంగా బతకడమెలాగో లోకానికి చెప్పారు. 1916లో, 71వ ఏట గుండెజబ్బుతో కన్నుమూశారు.

సగం తప్పు... అయినా!

ఆయన చెప్పిందంతా నిలబడలేదు. పెద్దపేగు పనికిరానిదన్నారు, అది తప్పు. బల్గేరియా బ్యాక్టీరియా మన పేగుల్లో స్థిరపడదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. కానీ ప్రశ్న మిగిలింది. పేగుదాకా బతికి చేరే రకం కోసం వెతికిన జపాన్ శాస్త్రవేత్త మినోరు షిరోటా 1930లో ఒకదాన్ని వేరుచేశారు. 1935లో అదే యాకుల్ట్‌గా అమ్మకానికొచ్చింది. తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్స్ అని 2001లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. ఈ లెక్కన అమ్మ తోడుపెట్టిన పెరుగులో బ్యాక్టీరియా బోలెడున్నా, ఏ రకం, ఎంత, ఏం మేలు అన్నది రుజువైతేనే దానికి ఆ పేరు దక్కుతుంది.

ఆ రుజువు చేసే పనే నేటి మైక్రోబయాలజిస్టులది. ఆహార, ఔషధ రంగాల్లో సూక్ష్మజీవిని పట్టుకోవడం, పేరు తేల్చడం, లెక్కపెట్టడం... అన్నీ ఈ కోవలోవే. ఈ సబ్జెక్టు ఎంచుకున్నవాళ్లు ఆయన నుంచి ఒక్కటి పట్టుకున్నా చాలు: జవాబు తప్పుతుందేమోనన్న భయంతో మంచి ప్రశ్నను వదిలేయకూడదు!