కమ్మరి ఇంట పుట్టిన ఫారడే

ప్రయోగశాలలో కెపాసిటర్ మీద మైక్రోఫారడ్ అన్న మాట రోజూ చూస్తూనే ఉంటాం. అందులో ఒక మనిషి పేరుందని మనలో ఎందరం తలుచుకుంటాం?

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గర ఒక బీద కమ్మరి ఇంట పుట్టాడు. బడి చదువు అంతంతమాత్రం. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాల్నే చదివేశాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, ఆ నోట్సును చక్కగా బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటి ఏడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడయ్యాడు. డేవీ వెంట ఐరోపా యాత్రలో నౌకరు పని కూడా చేయవలసి వచ్చింది. అయినా పట్టు వదల్లేదు.

1831లో విద్యుదయస్కాంత ప్రేరణ కనుక్కున్న సంగతి అందరికీ తెలుసు. నాకు మాత్రం 1837 నాటి ప్రయోగమే ఇష్టం. ఒకదానిలో ఒకటి ఇమిడిన ఇత్తడి గోళాల జతలు రెండు తీసుకున్నాడు. ఒకదాని మధ్య గాలి, రెండో దాని మధ్య లక్క. ఒకదానికి విద్యుదావేశం ఇచ్చి రెండోదానికి కలిపితే చెరిసగం కాలేదు. లక్క ఉన్నదే ఎక్కువ పుచ్చుకుంది. మధ్యనున్న పదార్థం ఊరికే కూర్చోదని అలా తేలింది.

మా నాన్న గుప్పెట్లో మట్టి పిసికి పదును చూస్తాడు. నేడు అదే పని కెపాసిటర్ సెన్సార్ చేస్తోంది. పొడిమట్టి రోధక స్థిరాంకం సుమారు 3 నుంచి 5, నీటిది సుమారు 80. పదును పెరిగితే కెపాసిటీ పెరుగుతుంది. చేలో పెట్టిన సెన్సార్ చిన్న బ్యాటరీతో ఏళ్ల తరబడి నడవాలి గదా! అందుకే చిప్పును ఎక్కువసేపు నిద్రపుచ్చి, అప్పుడప్పుడు లేపి కొలిపిస్తారు. తెలిసిన కెపాసిటర్ ఆవేశాన్ని సెన్సార్‌తో పంచి, ఎంత పంచుకుందో చూడడం ఒక పద్ధతి. ఆ లక్క గోళాల కిటుకే ఇది! కొన్ని చిప్పులు 10⁻¹⁵ ఫారడ్ తేడాను కూడా పట్టేస్తాయి.

ఫారడేకు ఉన్నత గణితం రాదు. బలరేఖల్ని మనసులో చూశాడు. వాటిని సమీకరణాల్లో పెట్టినవాడు మాక్స్‌వెల్. లెక్కలకు జడిసి, చదువు మానేసి అరక పట్టుకుందామని మొదటి ఏడు నేననుకున్న మాట నిజం. ఈ జీవితం చదివాక ఆగిపోయాను. లెక్కలు అక్కర్లేదని కాదు, ఇప్పుడు కుస్తీ పడుతూనే ఉన్నాను. పనిచేసిన చేతికీ శాస్త్రంలో చోటుందన్న ధైర్యం మాత్రం వచ్చింది.

సర్ బిరుదునూ, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవినీ వద్దన్న ఫారడే 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు. 1881లో పారిస్ విద్యుత్ మహాసభ కెపాసిటీ ప్రమాణానికి ఆయన పేరు ఖాయం చేసింది. కాదన్న బిరుదు కంటే అడగని ఈ పేరే నిలిచింది.