తూచి ఎక్కించిన చోదకుడు – నతనయేలు సెయింట్



2024 నవంబరు 9వ తేదీన విజయవాడ నుండి వచ్చిన నీటి విమానమొకటి మన సున్నిపెంటకు చేరువనున్న శ్రీశైలము జలాశయముపై వాలినది. రాష్ట్ర ముఖ్యమంత్రిగారు దానిలో వచ్చిరి. ట్విన్ ఆటర్ అను ఆ రకపు విమానము మనుష్యులు, సామాను, చమురు, తన సొంత బరువు అన్నియు కలిసి 5,670 కిలోలకు మించి ఎగురరాదు. దానికే అట్టి హద్దుండగా, నలుగురికి మించి పట్టని చిన్న విమానము మాట చెప్పనేల? అట్టి విమానముతో సువార్త సేవ చేసిన నతనయేలు సెయింట్ జీవితమును ఈ నెల ధ్యానింతము.

ఆయన 1923 ఆగస్టు 30న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున పుట్టెను. తండ్రి దేవాలయపు కిటికీలకు రంగుటద్దములు చేయు కళాకారుడు. ఏడేండ్ల ప్రాయమున అన్న వెంట మొదటిసారి విమానమెక్కెను. బాల్యములోనే కాలి ఎముకకు చీము పట్టి బాధించినది. యుద్ధకాలమున సైన్యములో మెకానిక్కుగా పని చేసెను. చోదక శిక్షణ ఆరంభము కానుండగా ఆ పాత వ్యాధి తిరుగబెట్టి ఆ ద్వారమును మూసివేసెను. అయినను నేలమీద నట్లు బిగించిన ఆ దినములే ఆయనను తీర్చిదిద్దెనని మా అభిప్రాయము.

1948లో మార్జొరీ అను ఆమెను వివాహమాడి, ఆ యేడే దక్షిణ అమెరికాలోని ఈక్వడోరు దేశమునకు వెళ్లి, అడవి అంచున షెల్ మేరా అను చోట కాపురముండెను. ఆ సంవత్సరాంతమునకే పెద్ద దెబ్బ తగిలినది. కిటో పట్టణము సుమారు 2,800 మీటర్ల ఎత్తున నున్నది. అంత ఎత్తున గాలి పలుచన. రెక్కలకు పట్టు తక్కువ. అచ్చట లేచిన విమానమును గాలి క్రిందికి త్రోయగా అది కూలెను. ప్రయాణికులు బ్రదికిరి గాని, ఆయన వెన్నెముక విరిగి చాల దినములు పిండికట్టుతో పడియుండెను.

లేచిన తరువాత మరల అదే పని. అడవిలో కాలినడకన దినములు పట్టు దూరమును ఆయన నిమిషములలో దాటించుచుండెను. రోగులు, మందులు, బియ్యము, రేకులు, అన్నియు ఆ చిన్న విమానములోనే. బండి కట్టువారికి ఈ సంగతి సులువుగా తెలియును. ముందు బరువెక్కువైతే ఎద్దుల మెడలు క్రుంగును; వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేచి గొంతు బిగియును. బండియైతే ఆపి మూటలు సర్దుకొందుము. ఆకాశమున ఆపుటకు చోటేది? వెనుక బరువు హద్దు మీరిన విమానము ముక్కెత్తి, వేగము కోల్పోయి పడిపోవును. కనుక ప్రతి మూటను, ప్రతి మనిషిని కాటా మీద తూచవలెను. సామాను కదలకుండ త్రాళ్లతో కట్టవలెను. తడిసిన గడ్డినేలయైనను, ఎండ మండుచున్నను బరువు ఇంకను తగ్గించవలెను. ఆపదలోనున్న వారికి ఇంకొక మూట ఎక్కించుట కనికరమే అనిపించును గాని, ఆ మూటయే అందరి ప్రాణము తీయవచ్చును. నతనయేలు బరువైన ఆసనములను తీసివేసి తేలికవి అమర్చుకొనెను. ఒకవేళ చమురు గొట్టము పూడుకొనినను ఇంజను ఆగకుండ, ప్రక్కన వేరొక చిన్న తొట్టిని తానే కల్పించెను.

నేలమీది జాగ్రత్తయు అంతే. తిరుగుచున్న పంఖా కంటికి కనబడదు. అయినవారు వచ్చిరని పిల్లలు ఎదురు పరుగెత్తుటయే గొప్ప ప్రమాదము. ఇంజను పూర్తిగా ఆగువరకు ఎవరును దగ్గరకు రాకూడదు. రన్‌వే మీద పశువులుండరాదు.

దిగుటకు చోటు లేని తావులకై ఆయన వింత ఉపాయము కనుగొనెను. విమానము గుండ్రముగా తిరుగుచుండగా పొడవైన త్రాటిని విడిచినచో, కొననున్న బుట్ట నడుమ దాదాపు కదలక నిలుచును. 1955లో, బయటివారిని చంపుదురని పేరుపడిన వోరానీ జనులకు ఇట్లే కానుకలు దింపెను. వారును ఆ బుట్టలో ఒక రామచిలుకను కట్టి పంపిరి!

1956 జనవరి 3న కురారాయి నది ఇసుకతిన్నెపై విమానము దింపి, తోటి సేవకులను ఒక్కసారిగా గాక, ఇసుక తాళగలిగినంత బరువు చొప్పున చేరవేసెను. 8వ తేదీన సాయంత్రము నాలుగున్నరకు రేడియోలో మాటాడవలసియుండెను. షెల్ మేరాలో మార్జొరీ రేడియో యొద్ద కనిపెట్టుకొని యుండెను. పిలుపు రాలేదు. ఆ ఐదుగురును వోరానీల ఈటెలకు హతులైరి. నతనయేలు చేతి గడియారము మూడు గంటల పండ్రెండు నిమిషములకు ఆగియుండెను. వెదకబోయిన విమానముల రాకపోకలకై ఆ దినములలో రేడియో యొద్ద కూర్చుండినది మార్జొరీయే.