అమరజీవి: మూలపేట నుండి మైలాపూరు వరకు

నెల్లూరి ఎండను గూర్చి ఆ సీమవారికి వేఱుగ చెప్పవలసిన పనిలేదు. పెన్న ఇసుక కాగి, సముద్రపుగాలి ప్రొద్దువాలినగాని వీధులలోనికి రాని వేసవి దినములలో, కాలికి చెప్పులు లేక, తలపై గొడుగు లేక, మెడలో నినాదములు వ్రాసిన అట్టలు వ్రేలాడగట్టుకొని వీధివీధి తిరుగు ఒక నడివయసు మనిషిని స్వాతంత్ర్యము వచ్చిన తొలియేండ్లలో ఆ పట్టణవాసులు చూచుచుండిరి. ఆ అట్టలపై నున్నవి ఎన్నికల నినాదములు కావు. నాడు హరిజనులని పిలువబడిన దళితులను తోడిమనుష్యులుగ చూడుడను విన్నపములు. ఎఱిగినవారు నమస్కరించిరి. ఎఱుగనివారు మతి చలించినవాడనుకొనిరి. ఆయన పుట్టిన వైశ్యకులమువారిలోనే కొందరు ఈ సంచారము తమకు తలవంపులని ఆయనను మందలించిరి. ఆయనయే పొట్టి శ్రీరాములుగారు.

తరగతిలో శ్రీరాములుగారిని గూర్చి అడిగినపుడు విద్యార్థులందఱు ఒక్కగొంతుకతో 58 దినములని చెప్పుదురు. ఆ అంకెలో తప్పు లేదు. కాని 51 సంవత్సరముల జీవితమును 58 దినములకు కుదించుటచేత ఆ 58 దినములు కూడ మనకు సరిగ అర్థము కాకుండ పోయినవని నా అనుమానము.

ఆయన పూర్వులది నాటి నెల్లూరు జిల్లాలో కనిగిరి ప్రాంతమునందలి పడమటిపల్లె. తండ్రి గురవయ్య, తల్లి మహాలక్ష్మమ్మ. కుటుంబము మద్రాసునకు తరలిపోయియుండుటచే 1901వ సంవత్సరము మార్చి 16వ తేదీన ఆయన అచటి జార్జిటౌనులో జన్మించిరి. ఇరువదియేండ్లు వచ్చువఱకు చదువు మద్రాసులోనే సాగినది. తరువాత బొంబాయిలోని విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయమున శానిటరీ ఇంజనీరింగు చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగమున ప్రవేశించిరి. పట్టణముల మురుగును ఎట్లు పారించవలెనో నేర్పు శాస్త్రమది. ఆ మురుగును చేతులతో ఎత్తువారెవరో, వారు ఊరికి ఏ దిక్కున కాపురముందురో ఆ చదువు చదివినవానికి తెలియకుండునా అని నాకు తోచుచుండును.

ఉద్యోగమున నాలుగేండ్లు గడచినవో లేదో, 1928 ప్రాంతమున భార్యయు, అపుడే పుట్టిన బిడ్డయు గతించిరి. శ్రీరాములుగారు ఉద్యోగమును విడిచి సబర్మతికి పోయి మహాత్ముని ఆశ్రమమున చేరిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకేగిరి. పిమ్మట రాజకోటలోను, కృష్ణాజిల్లా కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యంగారు నెలకొల్పిన గాంధీ ఆశ్రమములోను గ్రామసేవ చేసిరి. 1941, 42 సంవత్సరములలో వ్యక్తి సత్యాగ్రహమునను, క్విట్ ఇండియా ఉద్యమమునను కలిపి మూడుమారులు జైలుకు పోయిరి. 1943, 44లలో నెల్లూరు జిల్లాయందు రాట్నమును ప్రచారము చేయుచు, ఏ కులమువారు పెట్టినను వారింట భుజించుచు ఊరూర తిరిగిరి.

ఆయన అడుగుపెట్టిన నేల గాంధీమార్గమునకు క్రొత్తది కాదు. సముద్రము చేరబోవు పెన్న ఒడ్డున పల్లెపాడు గ్రామములో దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు స్థాపించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7వ తేదీన మహాత్ముడే ప్రారంభించియుండెను. ఖద్దరు కట్టినవారు నెల్లూరిలో అనేకులుండిరి. కాని ఖద్దరు కట్టుట ఒకటి, దళితుని వెంటబెట్టుకొని గుడిమెట్లెక్కుట మఱియొకటి.

నెల్లూరు మూలపేటలో వేణుగోపాలస్వామి దేవాలయమున్నది. 1946లో శ్రీరాములుగారు ఆ గుడిలోనికి దళితులకు ప్రవేశము కావలెనని నిరాహారదీక్ష పూనిరి. అప్పటి చట్టస్థితిని విద్యార్థులు గమనింపవలెను. మద్రాసు ప్రభుత్వము 1939లో చేసిన ఆలయప్రవేశ చట్టము గుడి తెఱచుటకు ధర్మకర్తలకు అనుమతినిచ్చినదే గాని, గుడిలోనికి పోవు హక్కును దళితులకు ఈయలేదు. ఆ హక్కు 1947 నాటి చట్టముతో వచ్చినది. కావున 1946లో తలుపు తెఱచుటయు మూయుటయు ఊరివారి మనస్సులపై ఆధారపడియుండెను. ఆకలితోనున్న మనిషి వారి కన్నులయెదుటనే ఉండెను. గుడి తలుపులు తెఱచుకొన్నవి.

ఈ విజయము ఆయనకు ధైర్యమునిచ్చినది. అదే సంవత్సరము నవంబరులో మద్రాసు రాష్ట్రమందలి దేవాలయములన్నియు తెఱవవలెనని ఆమరణదీక్షకు కూర్చుండిరి. స్వరాజ్యము గుమ్మములో నిలిచియున్న సమయమది. కాంగ్రెసు నాయకులు వలదనిరి, ఆయన వినలేదు. తుదకు మహాత్ముడు చెప్పగా దీక్ష విరమించిరి. శ్రీరాములుగారి సేవాదీక్షను గాంధీజీ గౌరవించెను. అయితే ఆయన కొంత విపరీతపు మనిషియని కూడ ఎఱిగియుండెను. ఆయనను ఆపగల మాట లోకములో ఒక్కరి యొద్దనే యుండెను. ఆ ఒక్కరు 1948 జనవరి 30వ తేదీన పోయిరి.

తరువాత సలిపిన మఱియొక దీక్ష ఫలితముగ, జిల్లా కలెక్టరులు వారమునకు ఒక్కదినమైనను దళితుల అభ్యున్నతి కార్యములను స్వయముగ చూడవలెనని మద్రాసు ప్రభుత్వము ఉత్తర్వు చేసినది. ఈ ఉత్తర్వు సంగతి మన పాఠ్యపుస్తకములలో నాకు కనబడలేదు.

ఇక ఆంధ్రరాష్ట్ర వాంఛ. అది శ్రీరాములుగారితో పుట్టినది కాదు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. 1918లో ఆంధ్రులకు ప్రత్యేక కాంగ్రెసు సంఘమేర్పడి, 1920లో నాగపూరు కాంగ్రెసు భాషల ననుసరించియే తన శాఖలను దిద్దుకొన్నది. అనగా ప్రభుత్వపు పటములో లేని రాష్ట్రము పార్టీ పటములో ముందుగానే వెలసినది. అయినను తెలుగువారందఱిది ఒక్కమాట కాదు. రాయలసీమవారికి సర్కారు జిల్లాలవారిపై అనుమానముండెను. దానిని తీర్చుటకే 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున ఒడంబడిక జరిగినది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటి వినియోగములో రాయలసీమతోబాటు నెల్లూరికిని మొదటి స్థానమీయవలెనని అందులో వ్రాసికొనిరి. నెల్లూరు కోస్తా జిల్లాయే యైనను, గోదావరి కృష్ణా డెల్టాల కలిమిలో దానికి పాలులేదని నాటి పెద్దలు గ్రహించిరన్నమాట.

మద్రాసు ప్రశ్న నెల్లూరివారికి మఱింత దగ్గఱిది. ఉదయమున రైలెక్కినవాడు సాయంకాలమునకు పని చూచుకొని తిరిగివచ్చు పట్టణమది. వారి బియ్యము అమ్ముడుపోవునదక్కడ, వ్యాజ్యము తేలునదక్కడ, పిల్లల పైచదువు అక్కడ. ఆ పట్టణము ఎవరిదను తగవు బెజవాడలో ఉపన్యాసవిషయము, నెల్లూరిలో సంసారవిషయము.

స్వాతంత్ర్యానంతరము 1948లో దార్ సంఘము భాషారాష్ట్రములు వలదనెను. జవహర్లాల్, వల్లభభాయి, పట్టాభిగార్లతో కూడిన మఱియొక సంఘము 1949 ఏప్రిలులో, ఆంధ్రులు మద్రాసు నగరమును వదలుకొన్నచో వారి రాష్ట్రమును ఏర్పఱుపవచ్చునని తలుపు సగము తెఱచినది. ఆ మీదట మద్రాసు ప్రభుత్వము నియమించిన విభజన సంఘములో ప్రకాశం పంతులుగారు మద్రాసు విషయమున అసమ్మతిపత్రము వ్రాసిరి. పని అచటనే నిలిచినది. 1950లో వచ్చిన రాజ్యాంగము మూడవ అధికరణము క్రింద క్రొత్తరాష్ట్రమును చేయు అధికారము పార్లమెంటుదే. రాష్ట్రశాసనసభ అభిప్రాయము మాత్రము చెప్పవచ్చును. ఇట్లు ఢిల్లీవారు ముందు మీలో మీరు సమాధానపడుడనిరి. మద్రాసువారు అధికారము ఢిల్లీదనిరి. ఆంధ్రనాయకులు మద్రాసులేని రాష్ట్రమెందుకనిరి. తాళము ఒకచోట, తాళపుచెవి ఒకచోట, ఇంటివారు ఇంకొకచోట.

1951 ఆగస్టులో స్వామి సీతారాం నామధేయులైన గొల్లపూడి సీతారామశాస్త్రిగారు 35 దినములు నిరశనవ్రతము చేసి, వినోబాజీ కోరగా విరమించిరి. 1952 తొలి ఎన్నికలలో ఆంధ్ర జిల్లాల స్థానములలో కాంగ్రెసునకు మూడవవంతైన దక్కలేదు. అయినను ఢిల్లీ కదలలేదు.

ఆ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన శ్రీరాములుగారు మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట దీక్ష ప్రారంభించిరి. సాంబమూర్తిగారు పూర్వము మద్రాసు శాసనసభాధ్యక్షులు. ఆంధ్ర కాంగ్రెసు సంఘము ఈ దీక్షతో తనకు సంబంధము లేనట్లే ప్రవర్తించినది. మొదటి వారములలో పత్రికలలో వార్త చిన్నదిగ వచ్చెను. దీక్షాపరుడు పదవిలో నున్నవాడు కాడు, పార్టీకి పెద్ద కాడు, వక్త కాడు. ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే. మూలపేటలో ఫలించిన విద్యయే అది.

ఇచటనే నాకు గుండె కలుక్కుమను సంగతి. మూలపేటలో తలుపు తీయవలసినవారు వీధి కొసనుండిరి. మైలాపూరులో పడియున్న మనిషి ఆకలి ఎవరి కంటబడవలెను? ముఖ్యమంత్రి రాజాజీ ఆ నగరమునందే యున్నను నిర్ణయము తనది కాదు. నిర్ణయము చేయవలసిన ప్రధాని వేయిమైళ్ల అవతల నుండెను. డిసెంబరు మొదటివారమున నెహ్రూగారు తంతివార్తలు వచ్చుచున్నను తాను చలించలేదని రాజాజీకి వ్రాసిరి. డిసెంబరు 12వ తేదీనాటికి ఆ మాట మాఱి, ఆంధ్రుల కోరికను అంగీకరింపవలసిన కాలము వచ్చినదని వ్రాసిరి. ఆ ఉత్తరము ప్రకటనగా మాఱునంతలో మూడు దినములు గడచినవి. డిసెంబరు 15వ తేదీ రాత్రి శ్రీరాములుగారు కన్నుమూసిరి.

మఱునాటి నుండి తెలుగుజిల్లాలు అట్టుడికినవి. రైళ్లు ఆగిపోయినవి, ప్రభుత్వ కార్యాలయములపై దాడులు జరిగినవి. నెల్లూరు మొదలగుచోట్ల పోలీసుకాల్పులలో కొందఱు ప్రాణములు కోల్పోయిరి. అహింసయే వ్రతముగ బ్రదికినవాని పేర ఇది జరిగినది. డిసెంబరు 19వ తేదీన నెహ్రూగారు, తగవులేని తెలుగుప్రాంతములతో, మద్రాసు నగరము మినహాగ, ఆంధ్రరాష్ట్రము ఏర్పడునని పార్లమెంటులో ప్రకటించిరి.

పాఠకులు ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడవలెను: 1949 ఏప్రిలు, 1952 డిసెంబరు. మొదటిదినమున కాగితముపై నున్న షరతే రెండవదినమున అమలైనది. నడుమ పోయినది ఒక మనిషి, ఆయన వెంట వీధులలో కూలిన కొందఱు. మద్రాసును విడువలేని మన నాయకులు విడువవలసివచ్చినపుడు విడిచిరి. మూడేండ్లు ముందుగ విడిచియుండినచో అని అనుకొనుట చరిత్రకారునికి తగదందురు. తెలుగు చెప్పుకొను నాబోటివాడు అనుకొనక మానలేడు. ఢిల్లీవారి తప్పు వేఱు. ఓట్లకు వినిపించుకొననివారు శవమునకు వినిపించుకొన్నచో, తరువాతివారికి ఏ పాఠము నేర్పినట్లు?

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రులైరి. 1955లో నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెమునకు చెందిన బెజవాడ గోపాలరెడ్డిగారు ఆ పదవిలోనికి వచ్చి, 1956 నవంబరు 1వ తేదీన తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశము ఏర్పడువఱకు నుండిరి. ఒక్క ఆంధ్రకు తెఱచిన తలుపున దేశమంతయు ప్రవేశించినది. 1953 డిసెంబరులో నియమితమైన రాష్ట్రముల పునర్విభజన సంఘము నివేదిక ననుసరించి దేశపటము చాలవఱకు భాషలనుబట్టి మాఱిపోయినది. 2014 జూన్ 2వ తేదీన అదే తెలుగునేల మరల రెండు రాష్ట్రములైనది. భాష ఒక్కటైనంత మాత్రమున కాపురము ఒక్కటి కానక్కఱలేదని శ్రీబాగ్ ఒడంబడిక వ్రాసికొన్నవారు 1937లోనే శంకించియుండిరి.

దీక్ష జరిగిన మైలాపూరు గృహము ఇపుడు ఆయన స్మారకము. చెన్నై పోవు నెల్లూరి ఉపాధ్యాయులు పిల్లలను అచటికి తీసికొనిపోవుదురు. మంచిదే. వారిని మూలపేటకు కూడ తీసికొనిపోవలెనని నా కోరిక. అది ఇంకను దగ్గఱ, రైలు అక్కఱలేదు.

2008లో నెల్లూరు జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములుగారి పేరు పెట్టబడినది. అంతకు చాల ముందే, 1970లో ఒంగోలు కేంద్రముగ క్రొత్తజిల్లా ఏర్పడినపుడు, కనిగిరి ప్రాంతముతోబాటు ఆయన పూర్వుల పడమటిపల్లె నెల్లూరు జిల్లానుండి విడిపోయినది.