మసక వెలుగుకి కొలత: వైను బప్పు

కొల్లేరు ఎక్కడిదాకా అని గుండుగొలను వైపు అడిగితే కాంటూరు లెక్కే వస్తుంది. ఐదో కాంటూరా, మూడోదా అని. ఎందుకంటే ఆ నీటికి గట్టి అంచు ఉండదు, పోనుపోను పల్చబడి చేలల్లో కలిసిపోతుంది. మరుగుజ్జు దీర్ఘవృత్తాకార గెలాక్సీలూ అంతే. మధ్యలో కాస్త వెలుగు, అంచుకి వెళ్ళేకొద్దీ తగ్గి ఆకాశపు మసకలో కలిసిపోతుంది. అందుకే ఫోటోలో ఒకే వెలుగున్న బిందువులు కలిపి కాంటూర్లు గీస్తారు. ఆ గీతలే దాని ఆకారం. ఇక మిగిలేది ఒక చిక్కు: అది దగ్గరున్న చిన్నదా, దూరంగా ఉన్న పెద్దదా? దూరం తెలిస్తేగానీ చెప్పలేం.

మసక వెలుగుని, దూరాన్ని కొలిచే పని మన దేశంలో సాగడానికి దారి వేసినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు వైను బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబం మలయాళీలది, పెరిగింది మాత్రం హైదరాబాద్‌లో. నాన్నగారు నిజామియా వేధశాల ఉద్యోగి కావడంతో టెలిస్కోపులు చిన్నప్పటి నుంచే అలవాటు. నిజాం కాలేజీ విద్యార్థిగా ఉన్నప్పుడే వెలుగు మారే నక్షత్రాలని గమనించి వ్యాసాలు రాశారు.

1949లో హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్ళారు. అప్పటి డైరెక్టర్ హార్లో షాప్లీ. స్కల్ప్టర్, ఫోర్నాక్స్ అనే మసక మరుగుజ్జు గెలాక్సీలని 1938లో ప్రపంచానికి చూపించింది ఆయనే. బప్పు వెళ్ళిన ఏడాదే ఫోటో పలకమీద ఓ కొత్త తోకచుక్కని పట్టారు. దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అని పేరొచ్చింది. డాక్టరేట్ తర్వాత కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్‌తో పనిచేశారు. కొన్ని రకాల చల్లని నక్షత్రాల్లో కాల్షియం ఇచ్చే వెలుగు గీత వెడల్పు కొలిస్తే, ఆ నక్షత్రం అసలు వెలుగెంతో తెలుస్తుంది. అది తెలిస్తే దూరం కట్టేయొచ్చు. 1957లో అచ్చయిన ఆ ఫలితమే విల్సన్–బప్పు ప్రభావం.

అక్కడే ఉండిపోతే ప్రపంచంలోనే పెద్ద టెలిస్కోపులు చేతికందేవి. ఆయన 1953లో తిరిగొచ్చేశారు. ఇక్కడ ఆ స్థాయి సరంజామా ఏదీ లేదు. ముందు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలని నిలబెట్టారు, 1960లో కొడైకెనాల్ బాధ్యత తీసుకున్నారు. తర్వాత చీకటి ఆకాశం వెతుక్కుంటూ తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరు చేరారు. 1972లో అక్కడ ఒక మీటరు టెలిస్కోపు పెట్టారు. ఆ కావలూరు నుంచే 1977లో యురేనస్ వలయాల జాడ దొరికింది.

అయినా మసక గెలాక్సీలకి ఆ అద్దం చాలదు. అద్దం వెడల్పు రెట్టింపయితే పట్టే వెలుగు నాలుగింతలవుతుంది. అందుకే 2.34 మీటర్ల టెలిస్కోపుని ఇక్కడే తయారుచేయాలని పట్టుబట్టారు. అద్దం సానబట్టే పని ఏళ్ళ తరబడి సాగింది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘం అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి 55 ఏళ్ళు, అద్దం ఇంకా పూర్తి కాలేదు.

1986లో టెలిస్కోపు పని మొదలుపెట్టింది. దానికి ఆయన పేరే పెట్టారు. ఆయన ఒక్క రాత్రి కూడా వాడుకోలేకపోయిన ఆ అద్దంతో తర్వాతి తరం గెలాక్సీల వెలుగు కొలిచింది.