నక్షత్రాలను చూసే మనిషి – డేవిడ్ థాంప్సన్

యతీం పిల్లల చదువు కోసం రసీదు పుస్తకం చేతపట్టుకొని మనం ఇంటింటికీ తిరిగేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా ఎదురౌతుంది. ఈ నాలుగు అక్షరాలు, ఈ నాలుగు లెక్కలు నేర్పిస్తే ఆ పిల్లవాడు ఏమంత ఉద్ధరిస్తాడు మాస్టారూ అని. నిలబడి జవాబు చెప్పే తీరిక అప్పుడు ఉండదు. అందుకని ఆ జవాబును ఈ సావనీరులో ఒక మనిషి జీవిత కథగా రాస్తున్నాను. ఈయన రాజు కాడు, సేనాపతి కాడు. తండ్రి లేని పిల్లవాడు, ధర్మ పాఠశాలలో చదువుకున్నాడు. పెద్దయ్యాక చిన్న పడవలో, కాలినడకన, గుర్రం మీద తిరిగి కెనడా దేశపు పశ్చిమ భాగానికి నక్షా గీశాడు. ఆయన పేరు డేవిడ్ థాంప్సన్.

థాంప్సన్ 1770 ఏప్రిల్ 30న లండన్ నగరంలోని వెస్ట్‌మినిస్టర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు వేల్స్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. పిల్లవాడికి రెండేళ్లు నిండేసరికి తండ్రి చనిపోయాడు. ఆదుకునేవారు లేక తల్లి నానా కష్టాలూ పడింది. చివరకు 1777లో ఈ పిల్లవాణ్ణీ, వాడి సోదరుణ్ణీ గ్రే కోట్ హాస్పిటల్ అనే చోట చేర్పించింది. పేరులో హాస్పిటల్ అని ఉన్నా అది దవాఖానా కాదు. పేదపిల్లల కోసం దాతలు నడిపిన బడి. అక్కడ తిండి, బట్ట ఇచ్చి చదువు చెప్పేవారు. తెలివిగల పిల్లలు నౌకాదళంలో పనికి వస్తారని లెక్కలు, ఓడ నడిపే శాస్త్రం కూడా నేర్పేవారు. ఈ పిల్లవాడికి లెక్కలంటే ప్రాణం.

1784లో పద్నాలుగేళ్ల వయసులో ఆ బడివాళ్లు ఐదు పౌన్లు కట్టి, ఏడేళ్ల అప్రెంటిస్‌గా హడ్సన్స్ బే కంపెనీకి అప్పగించారు. ఉత్తర అమెరికా అడవుల్లో బీవర్ వంటి జంతువుల చర్మాలు కొని ఇంగ్లండుకు పంపడం ఆ కంపెనీ వ్యాపారం. ఆ ఏడాది మే నెలలో పిల్లవాడు ఓడ ఎక్కాడు. మళ్లీ జన్మలో తల్లి ముఖం చూడలేదు, లండన్ ముఖమూ చూడలేదు.

దిగింది చర్చిల్ అనే రేవులో. సముద్రం కూడా గడ్డ కట్టే చలి. గుమాస్తాగా కాగితాలు నకలు రాయడం పని. పదిహేడో ఏట ఆయన్ని రాకీ పర్వతాల దగ్గరకు, పీగన్ జాతి ఆదివాసుల మధ్యకు పంపారు. ఆ చలికాలమంతా సౌకమాపీ అనే ముసలాయన గుడారంలో గడిపాడు. ఆయన తమవాళ్ల యుద్ధాలు, గుర్రాలు వచ్చిన వైనం, మశూచి వచ్చి జనం రాలిపోయిన సంగతి రాత్రుళ్లు కూర్చోబెట్టి చెప్పేవాడు. కుర్రవాడు శ్రద్ధగా విని మనసులో పెట్టుకున్నాడు. బడి ఇచ్చిన చదువు ఒకటైతే, పెద్దల దగ్గర కూర్చొని నేర్చుకున్న చదువు ఇది రెండోది.

1788 డిసెంబర్‌లో పెద్ద ఆపద వచ్చింది. జారిపడి కుడికాలు ఎముక విరిగింది. అది అతకడానికి నెలలు పట్టింది. మంచానపడ్డ అప్రెంటిస్ కంపెనీకి ఏం పనికొస్తాడు? అయితే కంబర్లాండ్ హౌస్ అనే కోఠీకి 1789లో ఫిలిప్ టర్నర్ అనే సర్వేయరు వచ్చాడు. కుంటుతున్న ఈ కుర్రవాడికి ఆ చలికాలమంతా గణితం, ఖగోళం, సర్వే నేర్పాడు. శిష్యుడు రాత్రింబవళ్లు కష్టపడ్డాడు. ఆ కాలంలోనే కుడికన్ను చూపు పోయింది. గురువు తరువాతి ప్రయాణానికి ఇంకొకణ్ణి తీసుకొని వెళ్లిపోయాడు. ఒంటికన్ను, దెబ్బతిన్న కాలు మిగిలాయి గాని, హునర్ చేతికి వచ్చింది. అప్రెంటిస్ గడువు ముగిసేటప్పుడు కంపెనీ ఒక జత కొత్త బట్టలు ఇవ్వడం ఆనవాయితీ. ఈయన బట్టలు వద్దు, సర్వే సామాను ఇవ్వండి అని ఉత్తరం రాశాడు. కంపెనీ రెండూ ఇచ్చింది.

ఈ సర్వే ఎలా చేసేవాడో మన పిల్లలు తెలుసుకోవాలి. అడవిలో గొలుసు పెట్టి కొలవడం కుదరదు. అందుకని ఆకాశాన్ని కొలిచేవాడు. ఒక పళ్లెంలో పాదరసం పోస్తే అది అద్దంలా నిలుస్తుంది. అందులో సూర్యుడి నీడను, ఆకాశంలో సూర్యుణ్ణి కలిపి సెక్స్‌టెంట్ అనే పరికరంతో కోణం కొలిస్తే అక్షాంశం తేలుతుంది. రేఖాంశం కష్టం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక, తానున్న చోటి సమయానికి, గ్రీనిచ్ సమయానికి తేడా తెలిస్తే రేఖాంశం వస్తుంది. గ్రీనిచ్ సమయం ఎలా తెలియాలి? చంద్రుడికీ ఒక నక్షత్రానికీ మధ్య దూరాన్ని కొలిచి, అచ్చుపుస్తకంలోని పట్టికలతో సరిచూడాలి. ఒక్కసారి కొలిస్తే గంటల తరబడి లెక్క. ఆ పట్టికల్లోని నక్షత్రాల పేర్లు చూడండి, అల్దెబరాన్, అల్తాయిర్, ఫమల్‌హూత్. వెనకాలే వచ్చేది, ఎగిరే పక్షి, చేప నోరు. అన్నీ అరబీ మాటలే. మన పూర్వపు ఖగోళ పండితులు పెట్టిన పేర్లు కెనడా మంచులో ఒక పేద కుర్రవాడికి దారి చూపించాయి. రాత్రిళ్లు ఆకాశం వంక చూస్తూ కూర్చునే ఈయనకు ఆదివాసులు కూకూసింట్ అని పేరు పెట్టారు. నక్షత్రాలను చూసేవాడని దాని అర్థం.

1797 మే నెలలో ఆయన హడ్సన్స్ బే కంపెనీ వదిలి, మంచులో సుమారు 130 కిలోమీటర్లు నడిచి, పోటీదారైన నార్త్ వెస్ట్ కంపెనీలో చేరాడు. ముందుగా నోటీసు ఇవ్వకుండా పోయాడని పాతవాళ్లు తప్పుపట్టారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని కొత్త కంపెనీ ఆయనకు కావలసిన సర్వే పని ఇచ్చింది. మొదటి పది నెలల్లోనే 6,400 కిలోమీటర్లు తిరిగి మిసోరీ నది ఒడ్డున మాండన్ పల్లెలు, మిసిసిపీ పుట్టే ప్రాంతం, సుపీరియర్ సరస్సు తీరం కొలిచి వచ్చాడు.

ఈ ప్రయాణాలకు వాహనం కనూ పడవ. కృష్ణా, తుంగభద్రల్లో మన పుట్టి తెలిసినవారికి దీని సంగతి సులభంగా అర్థమౌతుంది. పుట్టికి వెదురు, తోలు అయితే కనూకు దేవదారు బద్దలు, భూర్జ చెట్టు బెరడు. బెరడును చెట్టు వేళ్లతో కుట్టి, అతుకులకు చెట్టు జిగురు పూస్తారు. ఉత్తర దేశపు కనూ సుమారు 25 అడుగుల పొడవు ఉంటుంది. ఇది ఆదివాసుల విద్య, తెల్లవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. తెల్లవారక ముందే తెడ్డు పట్టుకుంటే చీకటిపడే దాకా నడపాలి. జలపాతం అడ్డం వచ్చినా, రాళ్ల మధ్య నీళ్లు సుడులు తిరుగుతున్నా పడవను భుజాల మీదకు ఎత్తుకొని గట్టు వెంట నడవాలి. ఒక్కొక్క మూట 41 కిలోలు, మనిషికి రెండేసి మూటలు. తిండి ఎండబెట్టిన దున్నమాంసం, కొవ్వు. పడవ రాయికి తగిలి చిరిగితే అక్కడే దిగి కుట్టుకోవాలి. ఇంత శ్రమలోనూ థాంప్సన్ నది వంపు తిరిగిన ప్రతిచోటా దిక్కూ, దూరమూ నోటుబుక్కులో రాసుకునేవాడు.

1799లో ఆయన షార్లట్ స్మాల్‌ను పెళ్లాడాడు. 1785లో పుట్టిన ఆమె తండ్రి స్కాట్లండు వర్తకుడు, తల్లి క్రీ జాతి స్త్రీ. ఆ రోజుల్లో చాలామంది తెల్ల వర్తకులు అడవిలో ఆదివాసి భార్యను చేసుకొని, పని ముగియగానే వదిలేసి పోయేవారు. థాంప్సన్ వదలలేదు. 1807లో రాకీ పర్వతాలు దాటినప్పుడు ఆమె ముగ్గురు పసిబిడ్డలతో వెంట నడిచింది. పట్నం చేరగానే 1812లో ఆయన మాంట్రియల్ చర్చిలో ఆ పెళ్లిని రిజిస్టరు చేయించాడు. పదముగ్గురు పిల్లలు. 57 ఏళ్లు కలిసి కాపురం చేశారు.

ఇంకో విషయం మన పాఠకులకు తప్పకుండా నచ్చుతుంది. చర్మాల వ్యాపారంలో సారాయి పోసి ఆదివాసులను మత్తులో ముంచడం మామూలు. థాంప్సన్ తన ఇలాకాలో సారాయి పనికిరాదన్నాడు. 1808లో కంపెనీ భాగస్వాములు పట్టుబట్టి రెండు పీపాలు ఆయన సామానులో పెట్టించారు. ఆయన వాదించలేదు. ఆ పీపాలను ఒక పొగరుబోతు గుర్రం మీద కట్టించాడు. అది బండరాళ్లకు ఒళ్లు రాసుకొని మధ్యాహ్నానికల్లా రెండు పీపాలూ పగలగొట్టింది. జరిగింది కంపెనీకి రాసి, ఇకముందు పంపితే వాటికీ ఇదే గతి అని తెలియజేశాడు. ఆ తర్వాత పీపాలు రాలేదు.

ఆయన ప్రయాణాలన్నింటిలోకి గొప్పది కొలంబియా నది మీద చేసింది. 1807లోనే ఆ నది ఒడ్డు చేరాడు గాని, అదే కొలంబియా అని గుర్తుపట్టలేదు. ఎందుకంటే ఆ నది మొదట ఉత్తరంగా పారి, పెద్ద వంపు తిరిగి దక్షిణానికి వస్తుంది. 1810లో పీగన్లు పాత కనుమను మూసేశారు. తమ శత్రువులైన కూట్నేలకు ఈయన తుపాకులు అమ్ముతున్నాడని వాళ్ల కోపం. వాళ్ల వైపు నుంచి చూస్తే ఆ కోపంలో కారణం ఉంది. థాంప్సన్ ఉత్తరాన చుట్టుదారి పట్టి, థామస్ అనే ఇరోక్వా జాతి మనిషి దారి చూపగా, 1811 జనవరిలో అథబాస్కా కనుమ దాటాడు. లోతైన మంచు, తిండి కరువు. వెంట వచ్చినవారిలో చాలామంది వదిలిపోయారు. నది వంపు దగ్గర ఆగి పడవ కడదామంటే మంచి భూర్జ బెరడు దొరకలేదు. అప్పుడు దేవదారును పలుచని పలకలుగా చీల్చి, మేకులు లేకుండా చెట్టు వేళ్లతో కుట్టి కనూ తయారుచేశారు. వసంతంలో బయలుదేరి, జూలై 3న కెటిల్ జలపాతం నుంచి దిగువకు సాగి, ఆ నెల మధ్యలో పసిఫిక్ సముద్రం చేరాడు. తీరా చూస్తే అమెరికావాళ్ల కంపెనీ అప్పటికే అక్కడ కోట కట్టుకుంటోంది. ఆయన నిరాశపడి కూర్చోలేదు. తిరుగు ప్రయాణంలో మిగిలిన భాగం కూడా కొలిచాడు. ఆ విధంగా సుమారు 2,000 కిలోమీటర్ల నదిని పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా మొట్టమొదట పూర్తిగా సర్వే చేసింది ఆయనే.

1814లో ఆయన పెద్ద నక్షా పూర్తి చేశాడు. హడ్సన్ అఖాతం నుంచి పసిఫిక్ దాకా అంతా అందులో ఉంది. ఆ ఏడే ఇద్దరు బిడ్డలను మట్టిలో కలిపాడు. కంపెనీ ఆ నక్షాను ఫోర్ట్ విలియంలోని పెద్ద హాలులో తగిలించింది. లండన్ పటాలవాళ్లు ఆయన కొలతలు వాడుకున్నారు, పేరు మాత్రం వేయలేదు. ఆ తర్వాత 1826 దాకా కెనడా, అమెరికాల సరిహద్దు కొలిచే పని చేశాడు.

ఇక్కడినుంచి కథ బాధాకరం. పొదుపు దాచుకున్న వ్యాపార సంస్థ దివాలా తీసింది. ఆస్తి పోయింది. 67వ ఏట, 1837లో కూడా కూలి కోసం కనూ ఎక్కి కాలువ దారి సర్వే చేశాడు. చివరకు సర్వే సామాను అమ్ముకున్నాడు, కోటు తాకట్టు పెట్టి తిండి తెచ్చుకున్నాడు. ముసలితనంలో అల్లుడి ఇంట తలదాచుకున్నాడు. 1846లో 76 ఏళ్ల వయసులో నోటుబుక్కులు ముందేసుకొని తన ప్రయాణాల కథ రాయడం మొదలుపెట్టాడు. 1851లో చూపు పూర్తిగా పోయి అది ఆగిపోయింది. 1857 ఫిబ్రవరి 10న చనిపోయాడు. మూడు నెలలు తిరగకముందే షార్లట్ కూడా పోయింది. సమాధి మీద పేరు రాసిన రాయి కూడా లేదు.

సుమారు ముప్పై ఏళ్ల తరువాత జోసెఫ్ టైరెల్ అనే సర్కారీ భూగర్భ శాస్త్రవేత్త పశ్చిమాన తిరుగుతూ, చేతిలోని పాత పటం ఇంత కచ్చితంగా ఎలా ఉందా అని ఆశ్చర్యపోయాడు. వెతగ్గా వెతగ్గా థాంప్సన్ నోటుబుక్కులు దొరికాయి. 1916లో ఆయన ఆత్మకథను అచ్చు వేయించాడు. ఆ తరువాత సమాధికి రాయి నిలబెట్టారు.

నేటికీ ఆ దారిలో కనూలు నడిపేవాళ్లున్నారు. 1967లో కెనడా నూరేళ్ల ఉత్సవానికి పది జట్లు రాకీ మౌంటెన్ హౌస్ నుంచి మాంట్రియల్ దాకా 5,000 కిలోమీటర్లకు పైగా 104 రోజులు తెడ్లు వేశాయి. 2008లో అదే చోటు నుంచి ఫోర్ట్ విలియం దాకా, 2011లో కొలంబియా మీదుగా సముద్రం దాకా మళ్లీ బృందాలు వెళ్లాయి. కాని వాళ్లు చూసింది ఆ పాత నది కాదు. ఇప్పుడు కొలంబియా మీద వరుసగా 14 ఆనకట్టలున్నాయి. కెటిల్ జలపాతం నీళ్ల అడుగున ఉంది. ఆయన దేవదారు పడవ కట్టిన చోటు 1973లో మైకా ఆనకట్ట జలాశయంలో మునిగింది. ఆదివాసులు చేపలు పట్టుకొని బతికిన చోట్లు పోయాయి. ఆయన నక్షా వల్ల వెనక వచ్చినవాళ్లకు దారి సులువైంది గాని, దారి చూపినవాళ్లకు భూమి మిగల్లేదు. ఈ మాట చెప్పకుండా ఆయన కథ పూర్తి కాదు.

రసీదు పుస్తకం దగ్గర అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. ఎవరో దాతలు చందాలు వేసి ఒక యతీం పిల్లవాడికి లెక్కలు నేర్పించారు. వాడేమవుతాడో చూడడానికి వాళ్లు బతికి లేరు. ఆ లెక్కలు ఒక దేశానికి ముఖం ఇచ్చాయి. ఇంకో సగం కూడా మరచిపోకూడదు. అంత పని చేసినవాణ్ణి ముసలితనంలో కోటు తాకట్టు పెట్టుకునే స్థితికి వదిలేసింది కూడా మనుషులే. మన మహల్లాలో బడికి పోని పిల్లవాడు ఎవరో, ఎవరికీ చెప్పుకోలేక పస్తుంటున్న ముసలాయన ఎవరో ఈ పుస్తకం మూసేముందు ఒక్క నిమిషం ఆలోచించండి. రెండు పేర్లూ గుర్తొస్తే సొసైటీకి తెలియజేయండి.